మొక్కకి పోసిన నీళ్ళు

మొక్కకి నీళ్ళు పొయ్యమని భార్య చెప్పి వెళ్ళింది. పోశాడు. ఆ మాట కాదనడానికి వీల్లేదు. కాకపోతే రోజూ చెంబెడు పొయ్యమంటే, ఆవిడ అక్కగారి ఊరికి బస్సెక్కిన మర్నాటి నుంచే ఆ సంగతి మర్చిపోయాడు. ఆదివారం సాయంత్రానికి ఆవిడ తిరిగి వచ్చేస్తుందనగా పొద్దున గుర్తొచ్చింది. గుర్తొచ్చాక ఊరుకునే మనిషి కాదు. బకెట్టు తెచ్చి, ఎగ్గొట్టిన నీళ్ళన్నీ ఒకేసారి పోసేశాడు.

ఆ కుండీ ఉండేది హాల్లో గోడ అల్మారా పై అరలో. అడుగున బొక్క ఉంది, కుండీ అన్నాక ఉండాలి కూడా. కింద పళ్ళెం ఉంది, చెంబెడు నీళ్ళకి సరిపోయేంతది. పళ్ళెం నిండి, అర తడిసి, నీళ్ళు ధారగా కిందికి దిగాయి. కింద బల్ల. బల్ల మీద భార్య లాప్‌టాప్. మూత తీసి ఉంది, చార్జరు గుచ్చి ఉంది, దాంట్లో పాత సినిమా ఒకటి ఆడుతోంది. తనకి ఆఫీసు ఇచ్చింది వేరే ఉంది గానీ, దాని మీద సినిమాలు చూడకూడదని రూలు. రూళ్ళ విషయంలో చాలా పట్టింపు గల మనిషి. అందుకని భార్యది తెరిచాడు.

తెర మీద హీరోగారు విలన్‌ని నిలదీస్తూ నిలదీస్తూ టక్కున ఆగిపోయాడు. తెర నల్లబడింది.

ఇంతకీ ఈ ఘనుడు ఎవరనుకున్నారు? లాప్‌టాప్‌లు తయారుచేసే కంపెనీలో, పాడైతే జనం ఫోన్ చేసే హెల్ప్‌లైన్‌లో సీనియరు. కొత్తగా చేరినవాళ్ళకి ఎలా మాట్లాడాలో నేర్పేది ఈయనే. మరదళ్ళు ముద్దుగా హెల్ప్‌డెస్క్ బావ అని పేరు పెట్టారు, వీధిలో కూడా అదే స్థిరపడిపోయింది. మొన్నీ మధ్య ఎవరో కస్టమరమ్మ ఈయనకి అయిదు చుక్కలిచ్చి, 'ఇంత ఓపిక ఉన్న మనిషిని నేనింతవరకు చూడలేదు. వీరి ఇంట్లోవాళ్ళు అదృష్టవంతులు' అని రాసింది. ఆఫీసులో దాన్ని ప్రింటు తీసి గోడకి అంటించారు. బావ దాన్ని ఫోన్లో ఫోటో తీసుకొచ్చి, భోజనాల దగ్గర భార్యకీ అత్తగారికీ గొంతు సవరించుకుని మరీ చదివి వినిపించాడు. ఇద్దరూ కంచంలోకి చూస్తూ కూర్చున్నారు. ఆడవాళ్ళకి మనవాళ్ళ గొప్పతనం ఎప్పుడు తెలుస్తుందిలే అనుకుని, ఇంకోసారి చదివాడు.

నీళ్ళు పడ్డ మెషీన్‌ని ఏం చెయ్యాలో, మరీ ముఖ్యంగా ఏం చెయ్యకూడదో, హెల్ప్‌లైన్ వాళ్ళందరి ముందూ ఒక కాగితం ఉంటుంది. రాసింది బావే. మొట్టమొదటి మాట: ఎట్టి పరిస్థితిలోనూ ఆన్ చెయ్యకూడదు. వైరు పీకి, బోర్లించి, ఆరనివ్వాలి. ఈ ముక్క రోజూ ఎంతమందికి చెప్పేవాడో లెక్కలేదు. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు.

అలాంటి బావ, తెర నల్లబడగానే ఏం చేశాడయ్యా అంటే, పవర్ బటన్ నొక్కాడు.

వెలగలేదు. మళ్ళీ నొక్కాడు. గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. వదిలాడు. కాసేపాగి, అది చూడనప్పుడు పట్టుకుందామన్నట్టు మెల్లిగా నొక్కాడు. చార్జరు పీకి నొక్కాడు, గుచ్చి నొక్కాడు. లోపలినుంచి సన్నగా కమురు వాసన వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది తను రాసిన కాగితం.

"అల్లుడు గారూ, అదేమైనా కాలింగ్ బెల్లాండీ, లోపలివాళ్ళు వచ్చి తలుపు తియ్యడానికి?" అంది వెనకనుంచి అత్తగారు.

ఆవిడ కూతురి దగ్గరే ఉంటుంది. నిశ్శబ్దంగా నడుస్తుంది. ఈ ఇంట్లో ఆవిడ చూడకుండా ఏదైనా జరిగిందంటే అది జరగనట్టే లెక్క.

"ఏం లేదండీ, చిన్న ప్రాబ్లం. చూస్తున్నాను" అన్నాడు బావ, లాప్‌టాప్‌ని పొత్తికడుపుకి ఆనించుకుని. లుంగీ మీద నీళ్ళు కారాయి.

"దాంట్లోనేనా, అమ్మాయి లైబ్రరీ ఉంది?"

బావ చేతిలోని మెషీన్ వంక చూశాడు. అంతదాకా మెషీన్ గురించే ఆలోచించాడు గానీ, లోపలున్న దాని గురించి ఆలోచించలేదు.

వీధి చివర మూతబడ్డ పాత పోస్టాఫీసుని పిల్లల లైబ్రరీగా మార్చాలనుకున్నారు కాలనీవాళ్ళు. దాని డ్రాయింగులు వేసే పని బావ భార్యకి వచ్చింది. పెళ్ళికి ముందు నేర్చుకున్న విద్య, పిల్లల పెంపకంలో అటకెక్కిన విద్య, మళ్ళీ ఇన్నాళ్ళకి దుమ్ము దులిపి బయటికి తీసింది. టేపు పట్టుకుని ఆ ఖాళీ గదుల్లో తిరిగింది. వీధిలో పిల్లల్ని గోడకి నిలబెట్టి, కిటికీ గట్టు ఎంత ఎత్తుంటే ఎక్కి కూర్చుంటారో కొలుచుకుంది. పూర్తిచేసి, రేపు సోమవారం పొద్దున కాలనీ కమిటీ ముందు చూపించాలి. వాళ్ళకి నచ్చితే సరే, లేకపోతే టౌన్లో పెద్ద కంపెనీకి ఇచ్చేస్తామని ముందే చెప్పారు. అక్కయ్య కాలు విరగకపోయుంటే ఈ నాలుగు రోజులూ ఆ బల్ల దగ్గరినుంచి లేచేదే కాదు.

ఇంకోచోట కాపీ ఉందా? ఆ సంగతి ఆవిడ అడిగింది. ఒకసారి కాదు. "ఏమండీ, ఇది పాడైతే ఎలా? వేరే చోట దాచుకోవడం ఎలాగో కాస్త చూపించరూ?" అంటే, "ఆదివారం చూపిస్తాను" అనేవాడు. ఆదివారాలు వచ్చాయి, పోయాయి. ఒక ఆదివారం ఆవిడ పట్టుబడితే, కూర్చుని, ఆవిడ చేతిలో మౌసు లాక్కుని, టకటకా నాలుగు నొక్కి, "అర్థమైందా? ఇంతే. చిన్నపిల్లలు చేసేస్తారు దీన్ని. ఇది కూడా నేనే చెప్పాలా, పొద్దస్తమానం అక్కడ చెప్పీ చెప్పీ వస్తే!" అన్నాడు. ఆవిడ అర్థమైందనలేదు, కాలేదనలేదు. లేచి వెళ్ళి పొయ్యి వెలిగించింది. ఆ తర్వాత ఇక అడగలేదు. బావ అదీ ఒక గెలుపే అనుకున్నాడు.

ఇప్పుడు ఎవర్ని అడగాలి? తెలిసిన విద్యే, కానీ కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. కంగారులో ఉన్న మనిషికి పక్కన ఒక గొంతు ఉండాలని శిక్షణలో తనే చెప్పేవాడు. ఫోన్ తీసి తన హెల్ప్‌లైన్‌కే కొట్టాడు. ఆదివారం డ్యూటీలో ఈ మధ్యే చేరిన అమ్మాయి ఉంటుంది. గుర్తుపట్టకుండా గొంతు కాస్త లావు చేశాడు.

"నమస్కారమండీ, చెప్పండి, నేను మీకు ఎలా సాయపడగలను?"

"లాప్‌టాప్ మీద నీళ్ళు పడ్డాయమ్మా."

"అయ్యో! మీరేం కంగారు పడకండి సార్. తొందరేం లేదు. మీకు అర్థమయ్యేదాకా నేను లైన్లోనే ఉంటాను." ఆ వాక్యం బావదే. బాగా నేర్చుకుందని ఆ కంగారులో కూడా ముచ్చటేసింది. "నీళ్ళు పడ్డాక ఎన్నిసార్లు ఆన్ చేశారు సార్?"

"చెయ్యలేదు."

"సార్, ఎన్నిసార్లు చేశారు?"

"చెయ్యలేదంటున్నాగా!" అన్నాడు బావ చిర్రెత్తుకొచ్చి. ఆ తర్వాత గుర్తొచ్చింది. 'నొక్కారా అని అడక్కండి, ఎన్నిసార్లు నొక్కారని అడగండి. నొక్కలేదంటారు. నమ్మకండి.' అదీ తను రాసిందే. కింద గీత కూడా గీశాడు.

"ఫర్వాలేదు సార్. అందరూ నొక్కుతారు" అంది ఆ అమ్మాయి ఎంతో దయగా. "ఇకనుంచి నొక్కకండి. హెయిర్ డ్రయ్యర్ పెట్టకండి. బియ్యంలో అసలు పెట్టకండి. మా సీనియర్ సార్ ఒకరున్నారు, బియ్యం వండుకోవడానికే అని చెప్తుంటారు."

"మంచి మాట చెప్పారమ్మా ఆయన" అని ఫోన్ పెట్టేశాడు బావ.

పెట్టేసి, భార్య గదిలోకి వెళ్ళి హెయిర్ డ్రయ్యర్ తెచ్చాడు. తెలిసి తెలిసి ఎందుకు తెచ్చాడని మీరడిగితే నేనేం చెప్పను? సాయంత్రానికి ఆవిడ వచ్చేస్తుంది, బోర్లించి రెండు రోజులు ఆగాలంటే ఎలా? ఫోన్ చేసేవాళ్ళంతా ఇదే మాట అంటే, ఇన్నేళ్ళూ వాళ్ళని తెలివితక్కువ దద్దమ్మలనుకున్నాడు. వేడి గాలికి కీబోర్డులో రెండు అక్షరాలు మెత్తబడి వంగిపోయాయి. చల్లబడ్డాక ఒకసారి నొక్కి చూశాడు. ఒక్కసారే.

"బియ్యంలో పెడితే వస్తుందటగా, ఎదురింటావిడ ఫోన్ అలాగే వచ్చింది" అంది అత్తగారు.

"అదంతా వట్టి మాటండీ. ఆ బియ్యపు పిండి లోపలికి పోయి ఉన్నది కాస్తా చెడగొడుతుంది. సైన్సు తెలియనివాళ్ళు చెప్పుకునే కబుర్లు" అన్నాడు బావ.

కాసేపటికి వంటింట్లో డబ్బా మూత చప్పుడైంది. అత్తగారు వెళ్ళి చూస్తే, బియ్యం డబ్బాలో మోచేతులదాకా చేతులు పెట్టి, అల్లుడు గారు లాప్‌టాప్‌ని పాతిపెడుతున్నారు. ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూసింది.

"మరి మధ్యాహ్నం వంటకి బియ్యం ఎలాగండీ?"

"పైనుంచి తీసుకోండి. కదపకుండా."

మధ్యాహ్నం తిన్నాననిపించి, మెషీన్ని బియ్యంలోంచి తవ్వి, తువ్వాల్లో చుట్టుకుని బయల్దేరాడు. కంపెనీ వాళ్ళ సర్వీస్ సెంటర్ ఉంది గానీ అక్కడివాళ్ళంతా తన దగ్గర శిక్షణ అయినవాళ్ళే. ఆ గుమ్మం తొక్కలేక, రెండు బస్సులు మారి, ఎవరూ ఎరగని ఒక సందులో రిపేరు కొట్టు వెతుక్కున్నాడు. కొట్టాయన నోరు ఒక్క క్షణం ఊరుకోదు. మరలు విప్పుతూనే మొదలుపెట్టాడు.

"నీళ్ళు పడ్డాక ఆన్ చేశారు కదూ?"

బావ నీళ్ళు నమిలాడు. "నేను కాదండీ... హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే, ఆన్ చేసి చూడమన్నారు."

"అనుకున్నా! ఆ హెల్ప్‌లైన్ వాళ్ళింతేనండీ. చల్లని గదుల్లో కూర్చుని నోటికొచ్చింది చెప్పేస్తారు. పోయేది మీ సొమ్ము, వాడిదేం పోయింది?" అడుగు రేకు ఊడింది. అందులోంచి బియ్యపు గింజలు బల్ల మీదికి రాలాయి. కొట్టాయన ఒక గింజ తీసి వెలుతురులోకి పట్టి చూశాడు. "ఇదేమిటండీ?"

"అది కూడా... వాళ్ళే చెప్పారు."

"హవ్వ! వాడి పేరేమిటో అడిగారా?"

"అడగలేదండీ."

"అడగాల్సింది. అలాంటివాణ్ణి ఊరికే వదలకూడదు. వాడింట్లోవాళ్ళు ఎలా వేగుతున్నారో పాపం!"

బావ తల ఊపాడు. ఊపక ఏం చేస్తాడు?

కొట్టాయన బోర్డుకి భూతద్దం దగ్గరగా పెట్టి, అటూ ఇటూ తిప్పి, పెదవి విరిచాడు. నీళ్ళు కొంచెమే వెళ్ళాయనీ, ఆరబెట్టి ఉంటే బతికేదనీ, తడి మీద కరెంటు పోనిచ్చి కాల్చేశారనీ చెప్పాడు. దాచుకున్నవన్నీ ఆ బోర్డుకే అతికించిన చిప్పులో ఉంటాయట, అదీ మాడిపోయిందట.

"ఇంకోచోట కాపీ పెట్టుకోలేదా?" అని అడిగాడు.

రోజూ తను అడిగే ప్రశ్న. అడిగి, అవతలివాళ్ళు లేదంటే, వాళ్ళకి వినబడకుండా నిట్టూర్చేవాడు. ఇప్పుడు కొట్టాయన నిట్టూర్పు బావకి శుభ్రంగా వినబడింది.

తిరుగు బస్సులో చచ్చిన లాప్‌టాప్‌ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఏం చెప్పాలి భార్యకి? ఎలా చెప్పాలి? 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం' అని నోట్లో అనుకుని చూశాడు, తనకే సిగ్గేసింది. వీధి పిల్లల్ని వరసగా నిలబెట్టి కొలుస్తుంటే, ఆఫీసునుంచి వస్తూ చూసి, "ఏమిటీ సంత?" అని లోపలికి వెళ్ళిపోయిన సాయంత్రం గుర్తొచ్చింది. ఆ డ్రాయింగులు ఒక్కటంటే ఒక్కటి తను చూడలేదు. ఇక చూడబోడు కూడా. బావకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పక్కాయన చూడకుండా కిటికీ వైపు తిరిగాడు.

వీధి దీపాలు వెలిగే వేళకి భార్య వచ్చింది. సంచీ దింపుతూనే అల్మారా వైపు చూసింది.

"అబ్బ, మొక్క ఎంత కళకళలాడుతోందో! పర్లేదండీ, మర్చిపోతారనుకున్నాను."

అత్తగారు మధ్యగదిలో దుప్పటి పరిచి, మెషీన్ దాగిన బియ్యమంతా చేటలో పోసి జల్లిస్తోంది. దేనికోసం వెతుకుతోందో ఆవిడకే తెలియాలి.

"అదీ... కుండీకి బొక్క ఉంది" అన్నాడు బావ.

"ఉంటుందిగా."

"పళ్ళెం చిన్నది."

"ఏమైందో చెప్పండి."

చెప్పాడు. బకెట్టుతో మొదలుపెట్టి, సినిమా, బటను, డ్రయ్యరు, బియ్యం అన్నీ చెప్పాడు. ఎన్నిసార్లు నొక్కాడో మాత్రం తగ్గించి చెబితే, లోపలినుంచి అత్తగారు సరిచేసింది. "అంతా పోయింది. నువ్వు పడ్డ కష్టమంతా. చూపిస్తానన్నాను, చూపించలేదు. తప్పు నాదే" అన్నాడు చివరికి.

ఆవిడ తువ్వాలు విప్పి, వంగిపోయిన అక్షరాల్ని వేలితో తడిమింది. పాతబడ్డ వస్తువైనా, తన చేతికి అలవాటైంది. "మెషీన్ పోయిందన్నమాట" అని, లేచి, ఆయన ఆఫీసు లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టి తెరిచింది. ఏదో టైపు చేసింది. తెర మీద ఒక గది విచ్చుకుంది. కిటికీలు, పొట్టి పొట్టి అరలు, గోడ పొడుగునా మెట్లు. ఇంకోటి నొక్కింది. ఇంకో గది.

బావకి ప్రాణం లేచొచ్చింది. "ఇవి... ఇవెక్కడివి?"

"దాచుకున్నవే. రోజూ పని అవగానే నెట్‌లో ఇంకో కాపీ పెడతాను."

"నీకెలా తెలుసు? ఎవరు చూపించారు?"

"హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. మీరు ఆ ఆదివారం చూపించారే, ఆ మర్నాడు. ఎంత మంచి మనిషి దొరికారనుకున్నారు! ఎన్నిసార్లడిగినా విసుక్కోలేదు. 'తొందరేం లేదమ్మా, మీకు అర్థమయ్యేదాకా నేను లైన్లోనే ఉంటాను' అన్నారు. నేను తప్పు నొక్కితే, 'అది మీ తప్పు కాదమ్మా, మేమే సరిగ్గా చెప్పలేదు' అన్నారు."

"మా వాళ్ళందరికీ నేనే నేర్పాను" అన్నాడు బావ, అలవాటు కొద్దీ కాస్త పొంగుతూ. "ఎవరది? పొద్దుటి షిఫ్టు వాడా? చెప్పు, రేపే మెచ్చుకుంటాను."

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది.

"మీరేనండీ."

బావ నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"ఎత్తగానే గుర్తుపట్టి నవ్వుతారనుకున్నాను" అంది ఆవిడ. "పట్టలేదు. సరే నేనేనని చెప్దామనుకునేసరికి, 'చెప్పండమ్మా' అన్నారు. మీరు అలా మాట్లాడుతుంటే ఆపబుద్ధి కాలేదు."

"అంతసేపు మాట్లాడి... నీ గొంతు నేను..."

"నేనూ పక్కనే కూర్చుని విన్నానండీ అల్లుడు గారూ, స్పీకరు పెట్టింది" అంది లోపలినుంచి అత్తగారు, చేట ఆపకుండా. "అయిదు చుక్కలూ తనిచ్చింది. ఇంట్లోవాళ్ళు అదృష్టవంతులన్న ముక్క మాత్రం నేను చెప్పి రాయించాను."

ఆఫీసు గోడ మీద ఆ కాగితం బావ కళ్ళ ముందు ఆడింది. భోజనాల దగ్గర తను రెండుసార్లు చదవడం, వాళ్ళిద్దరూ కంచంలోకి చూస్తూ కూర్చోవడం కూడా ఆడింది. కుర్చీ లాక్కుని భార్య పక్కన కూర్చున్నాడు.

"ఈ మెట్లేమిటి?" అని అడిగాడు.

"అవి మెట్లు కావు, కూర్చుని చదువుకోవడానికి. పెద్దపిల్లలు పైన, చిన్నవాళ్ళు కింద" అని ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. కిటికీ గట్టు ఎందుకంత కిందికి పెట్టిందో చెప్పింది, తలుపు ఎటువైపు తెరుచుకోవాలో చెప్పింది. నెమ్మదిగా చెబుతోంది. తరవాతది చూద్దామని బావ చెయ్యి తనంతట తనే మౌసు మీదికి వెళ్ళబోయింది. వెనక్కి తీసుకుని తొడకింద పెట్టుకున్నాడు. ఆవిడ గొంతు ఆయనకి కొత్తగా వినిపించింది, ఎప్పుడో పెళ్ళయిన కొత్తలో విన్నట్టు కూడా ఉంది. ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో వినబడుతున్నది ఇదేనా అనుకున్నాడు.

అంతా చూపించి ఆవిడ మూత వేసింది.

"ఇకనుంచి ఏ అవసరమొచ్చినా నన్నే అడుగు" అన్నాడు బావ. మనస్ఫూర్తిగానే అన్నాడు. "ఎంతసేపైనా కూర్చుని చెప్తాను. విసుక్కోను. ఒట్టు."

"అలాగేనండీ" అంది ఆవిడ, సంచీ తీసుకుని లోపలికి వెళ్తూ. "ఆఫీసు టైములో ఫోన్ చేస్తాను."